నక్క ఎక్కనన్న పడవ

గోదారి సముద్రంలో కలిసేచోట, మడ అడవి మధ్య ఒక బురద పాయ ఉంది. ఆ పాయ అడుగునుంచి బుడబుడమని గ్యాసు పొంగుతుంటుంది. ఎండ్రకాయలు బుడగలెక్కి ఊగుతాయి, దొర్లిపడతాయి, లేచి మళ్ళీ వరసలో నిలబడతాయి. పనిలేనివాళ్ళకి అదొక తిరనాళ్ళు.

పనున్నది నీటికుక్క నూకాలుకి. సముద్రం మధ్య దీవిలో ఉండే కొంగ వరదమ్మ ఆమెకి ప్రాణస్నేహితురాలు. పోయిన వానాకాలం వరదమ్మ పిల్లలు మూడూ చలికి బిగుసుకుని చచ్చిపోయాయి. ఈసారి నీ గూటి కింద కుంపటి వెలిగించి తీరతానని నూకాలు మాటిచ్చేసింది. కుంపటికి గ్యాసు కావాలి. గ్యాసుని మోసుకెళ్ళడం ఎవరివల్ల అవుతుంది? అదే బాగా చల్లబరిస్తే నీళ్ళలా మారి, ఆరువందల కుండల గ్యాసు ఒక్క కుండలో సర్దుకుంటుంది. అందుకోసం ఎక్కడినుంచో ఒక చలిమిషను తెచ్చారు. గట్టుమీద పెట్టిన రెండుసార్లూ అది మెడదాకా బురదలో దిగబడింది. ఇక నీళ్ళమీద తేలే పడవ కట్టి దానిమీద పెడదామనుకున్నారు.

పడవ అనే మాట వినపడిందో లేదో, పడవలు కట్టే నక్క జంబులింగం దిగాడు. చెవిమీద పెన్సిలు, చంకలో చాపంత కాగితం. పంచాయితీ పెద్ద తాబేలు పేర్రాజు ముందు ఆ కాగితం పరిచాడు.

"గోడలు మూరెడు మందం పెట్టానండి. నడిసముద్రంలో తుపానొచ్చినా చెక్కుచెదరకూడదు గదా. పనోళ్ళకి పడకగదులు పన్నెండు. వంటిల్లు ఒకటి. గ్యాసులో మురికి వడగట్టే తొట్టి, కుండలు దాచుకునే కొట్టు, అన్నీ పడవమీదే. దేనికీ లోటుండదండి."

"ఎంతవుద్దేంటి?" అన్నాడు పేర్రాజు.

"ఎంతోకాదండి. నాలుగొందల గంపల ఎండుచేపలు."

ఎండ్రకాయలు ఊగడం ఆపేశాయి. వానాకాలానికని అందరూ కలిసి దాచుకున్నవే నాలుగొందల పది గంపలు. ఖర్చులో పదోవంతు కట్టినవాడి కూలి అన్నది ఆ పాయలో పాత కట్టుబాటు. అందుకే జంబులింగం అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు గదులమీద గదులు గీసేశాడు.

నూకాలుకి ఒళ్ళు మండింది. పడవ కడితే ఇంట్లో తన పిల్లలకి పస్తు. కట్టకపోతే దీవిలో వరదమ్మ పిల్లలకి చావు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అంతలో ఆమెకి ఇంకో కట్టుబాటు గుర్తొచ్చి మీసాలు దువ్వుకుంది.

"బెమ్మాండంగా ఉందండి జంబులింగంగారూ. కొత్త పడవ కట్టినోరు మొదటిసారి ముందు కొనమీద కూర్చుని వెళ్ళాలి గదండి, మరి మీరు ఎప్పుడెక్కుతారు? నడిసముద్రం పడవంటన్నారు కాబట్టి అక్కడికే పోదాం. ఆషాఢంలో తుపాను లేవగానే బయల్దేరితే తాటిచెట్టంత అలలంటండి, ఉయ్యాలూగినట్టు ఉంటది."

జంబులింగం మొహం కడగాలన్నా వేలు తడిపి తుడుచుకునే రకం. అతని తోక కాళ్ళ మధ్యకి చేరింది.

"నడిసముద్రం దేనికండి? ఈ పాయలోనే కట్టేసుకుందాం. అడ్డంగా ఇసకమేట ఉంది, లోపలికి అల రాదు."

"అసలు రాదంటారా?"

"పుట్టినకాణ్ణించీ చూస్తన్నాను. ఒక్కటీ రాలేదండి."

"అయితే మూరెడు మందం గోడలెందుకండి మరి?"

జంబులింగం పెన్సిలు కొరికాడు. "బెత్తెడు చాలండి."

పేర్రాజు కాగితం మీద ఒక గీత కొట్టాడు. "కొట్టెయ్" అన్నాయి ఎండ్రకాయలు.

"పోనీ ఇసకమేట పక్కన కడదామా?" అంది నూకాలు. "అక్కడ ఏడు నిలువుల లోతు. మీకూ దర్జాగా ఉంటది."

"వద్దండి తల్లీ, గట్టుకి ఆనించి కట్టండి. ఒక్క గెంతు గెంతితే ఒడ్డుమీదుండాలి."

"ఒక్క గెంతే అయితే పనోళ్ళు ఇంటికెళ్ళే అన్నం తిని పడుకుంటారు. మరి పన్నెండు గదులు ఎవరికండి?"

"ఎవరికీ వద్దండి. వంటిల్లు కూడా తీసేయండి."

"కొట్టెయ్, కొట్టెయ్," అంటూ ఎండ్రకాయలు అడ్డంగా చిందులేశాయి.

"తొట్టీ, కొట్టూ పడవమీదుంటే బరువుకి ముందు కొన దిగుద్దేమో. కూర్చున్నోరి కాళ్ళు తడుస్తాయేమోనండి."

"అవి గట్టుమీద పెట్టండి," అన్నాడు జంబులింగం, ఏడుపు గొంతుతో. "చలిమిషనంత బరువుండవు, బురద మోస్తది. గొట్టం వేసుకుంటే సరిపోద్ది గదండి."

ఇంక మిగిలినవి చలిమిషను, దానికింద ఒక బల్లకట్టు, అది ఆటుపోట్లకి లేస్తూ దిగుతూ ఉండేలా కట్టడానికి రెండు రాటలు, ఒక గొట్టం. మొత్తం ముప్పై గంపలు. జంబులింగం వాటా మూడు. తన నోటితో తనే ఖర్చు తగ్గించుకున్నాడు పాపం, ఎవరితో పోట్లాడతాడు?

బల్లకట్టు దించిననాడు అతన్ని ముందు కొనమీద కూర్చోబెట్టారు. అతను కళ్ళు గట్టిగా మూసుకుని అన్నవరం సత్యనారాయణస్వామికి తలనీలాలు మొక్కుకున్నాడు. బల్లకట్టు అయిదు బారలు జరిగింది. ఆ అయిదు బారల్లో రెండుసార్లు కక్కుకున్నాడు.

"ఇంకా ఎంతదూరమండి?" అన్నాడు కళ్ళు తెరవకుండా.

"రాటకి కట్టేసి చాలాసేపైందండి," అంది నూకాలు. "మీరు దిగితే మేం పని మొదలెట్టుకుంటాం."

ఆషాఢంలో వాన విరుచుకుపడింది. తాబేళ్ళు వీపున గ్యాసు కుండలు కట్టుకుని దీవికి ఈదాయి. నూకాలు వెంట వెళ్ళి చూసింది. గూటి కింద కుంపటి, పైన నాలుగు పిల్లలు, నాలుగూ ఆకలని అరుస్తున్నాయి. నూకాలుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంటి దగ్గర తన పిల్లలూ ఎండుచేపలు తింటున్నారు కదా, ఆ నిశ్చింతతో అక్కడే కాసేపు కూర్చుంది.

జంబులింగం కాగితం కూడా వృథా కాలేదు. పన్నెండు గదుల పడవని నెత్తిన కప్పుకుని వానలో తిరుగుతున్నాడు.

ఎంత పడవ కావాలని కట్టేవాణ్ణి అడక్కు. నువ్వే ముందెక్కు అను, ఎంత చాలో వాడే చెబుతాడు.