నూనె రాయని బన్నులు

నీలవేణి మందు పనిచెయ్యలేదు.

టీబీ క్రిమి ఒంటిచుట్టూ మైనంలాంటి కొవ్వు పొర ఉంటుంది. చాలా మందులు దాన్ని దాటి లోపలికి పోలేవు. ఆ పొరని తయారుచేసేవి క్రిమి లోపలుండే ఎంజైములే. అందులో ఒకదాన్ని పనిచెయ్యకుండా ఆపే మందు కోసం నీలవేణి ఏళ్ళతరబడి కూర్చుంది. దొరికింది కూడా. గాజు గొట్టంలో ఉత్త ఎంజైము మీద వేస్తే భేషుగ్గా పనిచేసింది. బతికున్న క్రిమి మీద వేస్తే, దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

కొత్త క్రిముల్ని పెంచాలంటే వారాలు పడుతుంది. అంత ఓపిక ఎవరికుంది? అరలో పాత సీసా ఒకటుంది. అందులో తిండి అయిపోయి, పెరగడం మానేసి, అడుగున పేరుకుపోయిన క్రిములు. మందు వాటిమీదే పోసింది. మళ్ళీ పోసింది. మోతాదు పెంచి పోసింది. అవి అలాగే ఉన్నాయి.

బర్నబాసు సార్ నీలవేణి పనిచేసే మిషను ఆసుపత్రి ల్యాబుకి పెద్ద. ఆదివారం పొద్దున రోగులకి తన చేత్తో బన్నులు చేస్తాడు. ఆ ఆదివారం నీలవేణి ఆసుపత్రి వంటింటి గుమ్మంలోనే మొదలెట్టింది.

"రేపు ఆ మందు పారబోసేస్తా సార్. ఇంకోటి వెతుక్కుంటా."

ఆయన మోచేతుల దాకా పిండి. "చేతులు కడుక్కుని రా."

"సార్, నేను మందు గురించి..."

"సబ్బుతో."

వంట చేసే సంతోషమ్మ కిసుక్కున నవ్వింది. "రా డాక్టరమ్మా. మా సార్‌ని ఏదన్నా అడగడానికొచ్చి, బన్నులు చెయ్యకుండా పోయినోళ్ళు లేరు."

ఈస్టు కలిపిన పిండిని ఉండలు చేసి, రెండు పళ్ళేలలో సర్దారు. పైన నూనె రాసే పని నీలవేణికి పడింది. పిండి పొంగుతున్నంతసేపూ రాస్తూనే ఉండాలి. అప్పుడే పైపొర మెత్తగా సాగుతుంది. ఆమె ఒక్కసారి రాసిందో లేదో, సార్ నూనె గిన్నె లాగేసుకున్నాడు.

"చాలు."

"ఎండిపోతాయి సార్!"

"ఎండనీ."

ఒక పళ్ళెం బట్టీ పక్కన వేడిగాలి తగిలేచోట పెట్టాడు. రెండోది ఫ్రిజ్‌లో పెట్టాడు.

"పగిలిన బన్నులు పెడతారా రోగులకి?" సంతోషమ్మ మూతి తిప్పింది.

"కడుపులోకి పోయాక నునుపెవరు చూస్తారు సంతోషమ్మా? టీ పొయ్యి."

టీ తాగుతూ గంటసేపు కూర్చున్నారు. నీలవేణికి లోపల ఉడికిపోతోంది. బతుకంతా ధారపోసి చేసిన మందు గంగపాలవుతుంటే ఈయనకి బన్నులు!

సార్ లేచి రెండు పళ్ళేలూ తెచ్చి బల్లమీద పక్కపక్కన పెట్టాడు.

వెచ్చగా ఉన్నవి బాగా పొంగాయి. పొంగి, ఎండిన పైపొర సాగలేక, ఎక్కడికక్కడ బీటలిచ్చాయి. లోపలి పిండి బయటికి తన్నుకొచ్చింది. ఫ్రిజ్‌లోవాటికీ పైన ఎండింది. కానీ ఒక్క చీలిక లేదు. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"రెండింటికీ నూనె ఆపాను కదా," అన్నాడాయన.

నీలవేణి చల్లటి ఉండని వేలితో నొక్కింది. గట్టిగా ఉంది.

"ఇవి పొంగలేదు," అంది మెల్లగా. "పొంగలేదు కాబట్టి ఉన్న పొరే సరిపోయింది. నా సీసాలోవి కూడా పెరగట్లేదు. కొత్త పొరే అక్కర్లేనివాటికి, పొర తయారీ ఆపితే ఏమవుతుంది..."

గ్లాసు బల్లమీద పెట్టేసింది. అప్పటికే గుమ్మం దాటుతోంది.

"రేపు పారబొయ్యను సార్! ముందు కొత్త క్రిముల్ని పెంచుతా. ఎన్ని వారాలైనా సరే, బాగా తిండి పెట్టి!"

సంతోషమ్మ బుగ్గలు నొక్కుకుంది. "చోద్యం! చంపాల్సినవాటికి తిండేంటమ్మా?"

సార్ పగిలిన బన్నుల పళ్ళెం బట్టీలోకి తోస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"కడుపునిండా పెట్టమ్మా."