తవిటమ్మ చెయ్యి

అనగనగా అంటే మరీ అంత వెనక్కి కాదు. మన తాతలకు మీసాలు రాని కాలం. తెరచాపలకు డీజిల్ ఇంజన్లు కొత్తగా తోడొచ్చిన కాలం. ఒక రేవులో తవిటమ్మ ఉండేది.

తల్లిదండ్రులకు ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదు. నాలుగో పిల్లైనా బతకాలని ఆమెను తవుడికి అమ్మినట్టు అమ్మి, తిరిగి తెచ్చుకుని ఆ పేరు పెట్టారు. తాటాకు గుడిసె. రెండు కోకలు. ఎండుచేపలు తిరగేసి బతికేది. ఆమెకున్న గౌరవం ఒక్కటే. పడవ నీళ్లలోకి దిగేటప్పుడు పసుపునీళ్లు ఇచ్చేది ఆమే. ఆమె చెయ్యి చల్లనిదని రేవంతా నమ్మేది.

దానయ్య అనే ఆసామి తన తెరచాప పడవకు ఇంజను పెట్టించాడు. గాలి పడిపోయినా ఇల్లు చేరొచ్చని. దాన్ని నడపడానికి తవిటమ్మ ఒక్కగానొక్క కొడుకు ఎల్లాజీని పెట్టుకున్నాడు.

మొదటిరోజు తవిటమ్మ పడవ మొనకు మూడు దోసిళ్లు పోసింది. దానయ్య అన్నాడు.

"పిన్నీ, ఇప్పుడు పడవకు రెండు ప్రాణాలు గదా. దీనికీ పొయ్యి."

"దీని నోరేదిరా?"

ఎల్లాజీ డీజిల్ ట్యాంకు మూత తీసి చూపించాడు. తవిటమ్మ అందులో ఒక దోసిలి పోసింది. అందరూ దండం పెట్టారు.

ఇంజను ఒడ్డున బాగానే ఆడింది. కెరటం మీదికెక్కేసరికి చిటపటమంది, దగ్గింది, ఆగింది. చాపెత్తుకుని వెనక్కి వచ్చారు.

"నీళ్లలో తిరిగే పంకాకి నాచు చుట్టుకుందిలే" అన్నాడు దానయ్య. నాచు తీశారు. తవిటమ్మ మొనకు మూడు దోసిళ్లు, ఇంజనుకు ఒక దోసిలి పోసింది.

రెండోసారీ అంతే. చిటపటమంది, దగ్గింది, ఆగింది.

పట్నం నుంచి మేస్త్రీ వచ్చాడు. ఇంజను విప్పాడు, తుడిచాడు, బిగించాడు. ఒడ్డునే ఆడించి చూసి "ఇక గుర్రమే" అన్నాడు. తవిటమ్మ మొనకు మూడు దోసిళ్లు, ఇంజనుకు ఒక దోసిలి పోసింది.

మూడోసారి గాలి లేదు. చాప వేలాడింది. ఇంజను చిటపటమంది, దగ్గింది, ఆగింది. పడవ అడ్డం తిరిగింది. కెరటం పడవలోని ముగ్గురినీ విసిరేసింది. దానయ్య, అతని తమ్ముడు ఈదుకొచ్చారు. ఎల్లాజీ రాలేదు.

తవిటమ్మ మొలలోతు నీళ్లలోకి వెళ్లి నిలబడింది. ఎంతసేపో.

చివరికి ఎల్లాజీ ఖాళీ డబ్బా పట్టుకుని తేలుతూ వచ్చాడు. ఆమె కొడుకు తల తుడిచింది. మళ్లీ తుడిచింది.

పడవను కూడా ఒడ్డుకు లాగారు. దానయ్య కోపంగా ఉన్నాడు.

"తప్పు ఇంజనుది కాదు పిన్నీ. నీ కొడుకు చేతిది. రేపొక్కసారి చూస్తాను. మళ్లీ ఆగిందా, ఈ తీరంలో ఏ పడవా వీణ్ణి ఎక్కించుకోదు."

దానయ్య భార్య చినతల్లి ఊరుకుందా?

"ఒక దోసిలి ఏటి సరిపోద్ది తవిటమ్మా? చెంబెడూ పొయ్యి. మన మగాళ్ల లాగే దానికీ తాగితేగాని కాలు కదలదు కాబోలు."

అందరూ నవ్వారు. ఎల్లాజీ తల దించుకున్నాడు.

ఇంటికొచ్చాక తవిటమ్మ అడిగింది.

"ఎలా దగ్గుతాదిరా అది?"

"ఒడ్డున దగ్గదే అమ్మా. కెరటం మీద ఊగితేనే. చిట్... చిటపట... అలా."

ఆమె అప్పుడే దీపం పెడుతోంది. చెయ్యి ఆగింది.

"నూనెలో నీళ్లు పడితే దీపం అలాగే అంటాది. ట్యాంకు చూశావా?"

"చూశాను. నిండుగా ఉంది."

"పైన చూశావు. అడుగు చూడు."

వెలుతురుండగానే రేవుకు వెళ్లారు. ఎల్లాజీ ట్యాంకు అడుగున మర విప్పి గాజు సీసా పట్టాడు. సీసా నిండింది. ఇసకలో నిలబెట్టారు. డీజిల్ పైకి తేలింది. నీళ్లు కిందికి దిగాయి. ఆ నీళ్ల అడుగున పచ్చగా పసుపు పేరుకుంది.

తవిటమ్మ తన చేతులు చూసుకుంది.

"పారబోసేస్తానమ్మా" అన్నాడు ఎల్లాజీ. "ట్యాంకు కడిగేస్తాను. ఎవరికీ తెలవదు."

"పారబోస్తే ఇంకో రేవులో ఇంకో తల్లి పోస్తాది. ఇలాగియ్యి."

తెల్లారింది. రేవంతా చేరింది. తవిటమ్మ చెంబు తేలేదు. సీసా తెచ్చింది.

"నా కొడుకు చెయ్యి కాదు దానయ్యా. నా చెయ్యి. మీ ముగ్గురినీ సముద్రంలో పడేసింది నేనే."

దానయ్య సీసాను ఎండకు పట్టి చూశాడు.

"పొయ్యమన్నది నేను పిన్నీ."

"పోసింది నేను గదా."

ట్యాంకు ఖాళీ చేశారు. మంచి డీజిల్‌తో కడిగారు. ఫిల్టరు మార్చారు. గొట్టంలో చిక్కుకున్న గాలి పోయేదాకా ఎల్లాజీ చేతి పంపు కొట్టాడు. బుడగలు ఆగాయి. ఇంజను అందుకుంది. పడవ మొదటి కెరటం ఎక్కింది. దగ్గలేదు. రెండోది ఎక్కింది. దగ్గలేదు. మూడోది దాటింది. ఒడ్డున తవిటమ్మ అప్పుడు ఊపిరి వదిలింది.

ఆ రోజు నుంచి ఆమె పసుపునీళ్లు ముట్టుకోలేదు. సీసా కొంగున చుట్టుకుని పక్క రేవులకు నడిచింది. మొదటి రేవులో నవ్వారు. రెండో రేవులో "అమ్మవారి నీళ్లకు వంక పెడతావా" అని తరిమారు. మూడో రేవులో ఒక కొత్త కోడలు సీసా అందుకుని చూసింది.

"మా ఆయన పడవా ఇలాగే దగ్గుతాది అవ్వా" అంది.

తవిటమ్మ ఇసకలో కూలబడి ఏడ్చింది.

తన రేవులో పసుపునీళ్లు వేరేవాళ్లు ఇచ్చేవారు. తవిటమ్మ పడవెక్కి, నీళ్లు లోపలికి పోకుండా ట్యాంకు మూత మీద రెండు చేతులూ కప్పి కూర్చునేది. చిందిన పసుపు ఆ చేతుల మీద పడేది. అలా ఏళ్లు గడిచాయి. ఒక వానాకాలం జ్వరమొచ్చి తవిటమ్మ చనిపోయింది.

మైల తీరాక పడవ దించారు. దోసిలి ఎత్తిన మనిషి ఆగిపోయింది. మూత మీద చేతుల్లేవు. ఎల్లాజీ ఇంజను పక్కన అటు తిరిగి కూర్చున్నాడు. అప్పుడు చినతల్లి కోక ఎగ్గట్టి పడవెక్కింది. మూత మీద చెయ్యి వేసింది.

"పోయండి" అంది.

ఇప్పటికీ ఆ తీరంలో పడవకు పసుపునీళ్లు ఇచ్చేటప్పుడు ఒక ఆడమనిషి ట్యాంకు మూత మీద చెయ్యి వేస్తుంది. ఇంజను తిప్పేముందు మగవాళ్లు అడుగుతారు.

"చెయ్యుందా?"

ఆ ఆడమనిషి ఎవరైనా కానీ, ఆమె పేరు ఏదైనా కానీ, చెప్పేది ఒకటే.

"తవిటమ్మ చెయ్యుంది. ఎళ్లి రండి."