పిలుపులమ్మ పక్కన మేక ఎందుకు ఉన్నది

చెలమరాళ్లపల్లెలో బస్సు దిగి, మిరపకాయలు ఆరబోసిన కళ్లాలు దాటి పడమరగా అరకోసు నడిస్తే శ్రీ పిలుపులమ్మవారి గుట్ట వస్తుంది. ఎక్కడానికి నూట పదకొండు మెట్లు. అమ్మవారు నిలువెత్తు రాయి. ముఖానికి పసుపు, వెండి కళ్లు. ఎడమ పక్కన ఒక రాతిమేక, ఎవరిమీదో అలిగినట్టు తల పక్కకు తిప్పుకొని నిలబడి ఉంటుంది. అది అమ్మవారి వాహనమా అని భక్తులు అడుగుతుంటారు. కాదు. అమ్మవారు ఎక్కడికీ వెళ్లదు కాబట్టి ఆమెకు వాహనం అవసరం పడలేదు.

మొదటి మెట్టు దగ్గర దేవస్థానం వారు పాతించిన పలక మీద ఇలా ఉంటుంది: “పాదరక్షలు, పాత పేర్లు ఇక్కడ విడువవలెను. పోయినచో దేవస్థానం బాధ్యత వహించదు.” చెప్పులు పోయాయని ఏటా ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. పాత పేరు పోయిందని ఇంతవరకు ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.

కొత్త పేరు పెట్టుకున్నవారు గుట్ట కింద నిలబడతారు. వారి ఇంటి పెద్ద పైన ఉన్న పిలుపురాయి ఎక్కి, ఆ పేరుతో మూడుసార్లు పిలుస్తారు. కిందివారు “ఓయ్” అని బదులిచ్చి మెట్లెక్కుతారు. ఇక్కడి పూజ అంతే. మగబిడ్డ అని ఊరంతా అనుకోగా ఆడవారిగా నిలిచినవారు, ఆడబిడ్డ అనుకోగా మగవారిగా నిలిచినవారు ఎక్కువగా వస్తారు. అత్తవారు మార్చిన పేరు వదిలించుకొని సొంత పేరు తెచ్చుకోవడానికి వచ్చే కోడళ్లు కూడా తక్కువేమీ కాదు. ఈ ఆచారం ఒక ముసలమ్మ వల్ల, ఆమె మనవరాలి వల్ల వచ్చింది.

పూర్వం ఇక్కడ మెట్లు లేవు, పల్లె లేదు. గుట్ట చుట్టూ మేకల దొడ్లు మాత్రం ఉండేవి. వాటిలో ఒక దొడ్డి సుంకులవ్వది. ఆమె కొడుకూ కోడలూ ఒకే ఏడాది జ్వరాల్లో పోగా, మూడు నెలల బిడ్డ ఆమె చేతిలో మిగిలింది. మగబిడ్డ పుట్టాడని అందరూ సంబరపడి, ఆచారం ప్రకారం తాత పేరు పెట్టారు. ఇక్కడే చిక్కు వచ్చిపడింది. తాత అంటే సుంకులవ్వ భర్త. భర్త పేరు నోటితో పలికే ఆడది ఆ రోజుల్లో ఆ దొడ్లలో లేదు.

ఆ తాత పేరు మేము కూడా ఈ స్థలపురాణంలో అచ్చు వేయలేదు. సుంకులవ్వ జన్మలో పలకని పేరు మేము పలకడం మర్యాద కాదు. మనవరాలు విడిచిన పేరును తవ్వి తీయడం అంతకంటే మర్యాద కాదు.

పేరు పలకకపోవడంలో సుంకులవ్వకు ఉన్నంత పట్టుదల ఎవరికీ ఉండేది కాదు. భర్త పేరే కాదు, అత్తమామల పేర్లూ, బావగారి పేరూ ఆమె నాలుక మీదికి వచ్చేవి కావు. మామగారి పేరు రాముడు కాబట్టి రామాయణాన్ని “ఆ అడవికి పోయినాయన కత” అనేది. మరి పెంచిన బిడ్డను ఏమని పిలుస్తుంది? ఇదిగో అనేది, అదిగో అనేది, ఓయ్ అనేది. ఒకసారి బిడ్డ వాగులో జారిపడితే, గట్టున నిలబడి “ఓ మేకలు కాసేటోడా!” అని కేకపెట్టింది. నాలుగు దిక్కుల నుంచి పద్నాలుగు మంది మేకలు కాసేవాళ్లు కర్రలతో పరుగెత్తుకొచ్చారు. బిడ్డ అప్పటికే గట్టెక్కి, ఇంతమంది ఎందుకొచ్చారా అని చూస్తున్నది.

బిడ్డ పెరిగింది. మేకలు మేపడంలో దిట్ట అయింది. మేకలకు పేర్లు పెట్టడంలో మాత్రం ఆ చుట్టుపక్కల ఆమెను మించినవారు లేరు. ముత్యాలు, చామంతి, పారిజాతం, సీతాలు, రాజ్యలక్ష్మి, ఇలా మందలో ప్రతి మేకకూ ఒక పేరు, ప్రతి పేరు వెనుకా ఒక ముచ్చట. పుట్టిన పిల్లను ఒళ్లో పెట్టుకొని చాలాసేపు ఆలోచించి, చెవిలో పేరు చెప్పి, ఆ తర్వాత తానే ఆ పేరును మెల్లగా రెండు మూడుసార్లు అనుకునేది. ఎందుకలా అనుకునేదో ఎవరూ అడగలేదు.

పంతొమ్మిదో ఏట ఒక ఉదయం ఆమె సుంకులవ్వ పెట్టెలోని ఆకుపచ్చ చీర కట్టుకొని గుడిసె బయటికి వచ్చింది.  “అవ్వా, నేను ఆడదాన్ని. చిన్నప్పటి నుంచీ ఆడదాన్నే. నీకు సెప్పే ధైర్యం ఇయ్యాల వచ్చింది” అన్నది.

సుంకులవ్వ చల్ల చిలుకుతూ కవ్వం ఆపింది. మనవరాలిని కిందికీ పైకీ చూసింది.

“అట్లయితే ఆ పేరు తీసేస్తావా?”

“తీసేస్తా.”

“ఒట్టు?”

“ఒట్టు అవ్వా.”

సుంకులవ్వ కవ్వం వదిలేసి చేతులు పైకెత్తి దండం పెట్టింది. “పంతొమ్మిదేండ్లు ఇదిగో అదిగో అని సచ్చినా గదే! పేరు పెట్టి పిల్సుకునే రాత నాకు ల్యాకపాయనని ఏడ్వని దినం లేదు. మంచి పేరు సూసుకో. తొందరగా సూసుకో” అన్నది. ఆ తర్వాత, కుచ్చిళ్లు సరిగ్గా లేవని నాలుగు తిట్టి, చీర విప్పించి తానే కట్టింది.

ఇంటి గడప ఇంత సులువుగా దాటింది గాని, బయట మందపెద్ద ఓబన్న ఉన్నాడు. అన్ని దొడ్లకూ ఆయనదే మాట. వైశాఖంలో తిరునాళ నాడు ప్రతి ఇంటి పెద్దా గుట్ట మీది పిలుపురాయి ఎక్కి, తమ ఇంటి మేకల కాపరిని పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. పిలుపందుకొని గుట్ట ఎక్కినవారికే ఆ ఏడాది గుట్ట మీద మేపుకునే హక్కు. సుంకులవ్వ ఆ పేరు పలకలేదు కాబట్టి ఆమె ఇంటి పిలుపు ఏటా ఓబన్నే పిలిచేవాడు. ఓబన్న చెడ్డవాడు కాదు. పాత పద్ధతి ఒకటి తప్పితే మరో పద్ధతి ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

“చీర నీ ఇష్టం. కట్టుకో. పేరు మాత్రం పెద్దాయనది. నేను ఆ పేరే పిలుస్తా. పలికితే మేపుకో, పలకకపోతే లేదు. వేరే పేరుంటే తిరునాళ లోపల సెప్పు. ఇంగా ఎనిమిది దినాలుండాది” అన్నాడు.

మనవరాలు దిగులుగా ఇంటికి తిరిగింది. కిందటేడు ఆ పేరు విని గుట్ట ఎక్కినప్పుడు తడిసిన గొంగళి మోస్తున్నట్టు అనిపించింది. మళ్లీ ఆ పేరుకు పలకడం ఆమె వల్ల కాదు. పలకకపోతే గుట్ట మీద మేత లేదు, మేత లేకపోతే మంద లేదు, మంద లేకపోతే అవ్వకు గంజి లేదు.

పేరు కోసం వెతకడం మొదలైంది. మొదటిరోజు చామంతి అని పెట్టుకుందామనుకున్నది. పక్కదొడ్డి అమ్మాయి ఆ పేరుతో పిలవగానే మేక చామంతి పరుగున వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. పారిజాతం అనుకుంటే పారిజాతం వచ్చింది. రాజ్యలక్ష్మి అనుకుంటే రాజ్యలక్ష్మి రావడమే కాదు, కొమ్ములు కూడా దించింది. అప్పుడు గాని ఆమెకు తన తప్పు తెలిసిరాలేదు. పదేళ్లుగా తాను పెట్టుకోవాలని ఆశపడ్డ పేర్లన్నీ మేకలకు పెట్టేసింది. తనకంటూ ఒక్కటీ మిగుల్చుకోలేదు.

ఇరుగుపొరుగు ఊరుకుంటారా? తలా ఒక పేరు తెచ్చారు. అలివేలు బాగుందని ఒకామె అంటే, సుంకులవ్వ రెండు చెవులూ మూసుకున్నది. అది ఆమె అత్తగారి పేరు. రాములమ్మ అన్నారు, అందులో మామగారు ఉన్నాడు. వచ్చిన ప్రతి పేరులోనూ సుంకులవ్వ అత్తవారి తరఫు వారెవరో ఒకరు కూర్చొని ఉన్నారు. ఆరు రోజులు ఇలాగే గడిచాయి.

ఏడోనాటి మిట్టమధ్యాహ్నం, మేకలు నీడకు చేరాక, ఆమె గుట్ట మీది నిలువెత్తు రాయిని ఆనుకొని కునుకు తీసింది. కలలో పక్కనే ఒక పెద్దావిడ కాళ్లు చాపుకొని కూర్చొని ఆకూవక్కా నములుతున్నది. ముఖం నిండా పసుపు.

“ఏం మే, నా నీడలో పండుకోని గుర్రు పెడతాండావు. నాకు నిద్దర లేదు. ఏం కావాల?”

“పేరు కావాల తల్లీ.”

“భలే దాన్ని అడిగినావు. నాకే లేదు. గుట్టమీదామె అంటారు నన్ను. కొత్తిమీర అమ్ముకునేదాన్ని పిల్సినట్టు.”

“మరి నేను ఎవుర్ని అడగాల?”

“ఎవుర్నీ అడగద్దు. పెట్టుకునేది నువ్వు. పొద్దుగూకి ఇంటికి పోయేటప్పుడు నోరు మూసుకోని పో. నీ కాళ్లు ఏ పేరుకు కదుల్తాయో సూడు. అట్లే నాకూ ఒగటి సూడు. మేకలకు పెట్టంగ మిగిలింది మాత్రం వద్దు.” ఇంత చెప్పి, పక్కకు ఉమ్మి, మాయమైంది. ఆ తాంబూలపు మరక గుట్ట మీద నేటికీ ఉన్నది. ఇనుపరాయి తుప్పు అని చదువుకున్నవారు అంటారు. వారి అభిప్రాయం వారిది.

ఆ సాయంత్రం ఆమె మందను తోలుకొని నోరు మెదపకుండా దిగింది. దొడ్డి ముందు సుంకులవ్వ నిలబడి, రోజూ పిలిచినట్టే, మందలో ముందు నడిచే నల్లమేకను పిలుస్తున్నది.

“కస్తూరీ! ఓ కస్తూరీ! పొద్దు పోతాంది, రాయే తల్లీ!”

మనవరాలి కాళ్లు వడివడిగా కదిలాయి. పది అడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసింది. మేక కస్తూరి ఇంకా వెనకాలే ఉన్నది. తుమ్మకొమ్మ అందుకొని తీరిగ్గా నములుతున్నది.

ఆమె వచ్చి అవ్వ ముందు నిలబడింది. “అవ్వా, నేను కస్తూరి అని పెట్టుకుంటా. మేకకు పెట్టినప్పుడే అది నాకు కావాలనుకున్న. మేకదని అనుకోవద్దు.”

 సుంకులవ్వ కొంగుతో ముక్కు తుడుచుకున్నది.

“మేకకు ఇంటిదోవ తెల్దా యేమే? అది నాకంటే ముందు వస్తాది. పదేండ్లుగా నేను ఇక్కడ నిలబడి గొంతు సించుకుంటాండేది మేక కోసరమనుకున్నావా?”

మనవరాలు అవ్వను పట్టుకొని ఏడ్చింది. అది సంతోషంతో వచ్చిన ఏడుపే. మేక కస్తూరి అప్పటికి తాపీగా వచ్చి, గంజి ఏదని ఇద్దరినీ తలతో తోసింది.

తెల్లారితే తిరునాళ. దొడ్లన్నీ గుట్ట దగ్గర కూడాయి. కొత్త పేరు విని ఓబన్న మీసం దువ్వాడు. “మేక పేరా? మనిషికి సెల్లదు” అని, పిలుపురాయి ఎక్కి, తాత పేరుతో ఒక పిలుపు పిలిచాడు. కింద మనవరాలు కదల్లేదు. రెండోసారి పిలిచాడు. ఆమె పెదవి కొరుక్కొని నేలకేసి చూస్తూ నిలబడింది.  మూడో పిలుపుకు కూడా పలకకపోతే ఈ ఏడాదికి గుట్ట పోయినట్టే.

ఓబన్న మూడోసారి నోరు తెరిచేలోపు సుంకులవ్వ మోకాళ్లు పట్టుకుంటూ రాయి ఎక్కింది. మందపెద్దను మోచేత్తో పక్కకు జరిపింది.

“దిగు నాయనా. ఇంటి పెద్ద గదా పిల్సాల్సింది? ఇన్నేండ్లు నోరు లేక నీకిచ్చినా. ఈ ఏడు నా నోరు నాకుండాది.”

ఆమె గట్టిగా మూడుసార్లు పిలిచింది. “కస్తూరీ!”

“ఓయ్!” అన్నది కస్తూరి. ఆ గొంతు గుట్ట పైదాకా వినిపించింది. అదే ఊపున ఆమె ఎక్కడం మొదలుపెట్టింది. వెనకాలే మందలోంచి నల్లమేక కూడా రాళ్లు దూకుతూ బయలుదేరింది.

“సుంకులక్కా, నువ్వు పిల్సింది మేకనా మనిషినా?” అని ఓబన్న పట్టుబట్టాడు.

“ఓయ్ అన్నదాన్ని పిల్సినా. మేక గూడా ఓయ్ అంటే దాన్నీ పిల్సినట్టే. అడుగు దాన్ని.”

ఓబన్న మేక వైపు చూశాడు. మేక తల పక్కకు తిప్పుకొని నిలబడింది. ఎంతసేపు చూసినా ఏమీ అనలేదు. అమ్మవారి పక్కన నేడు రాతిలో ఉన్నది ఈ మేకే. ఇంటి పెద్ద పిలిచింది, పిలుపందుకున్న మనిషి పలికి ఎక్కింది, పద్ధతిలో వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఓబన్న తలపాగా సర్దుకొని, “అయితే సరే, కస్తూరమ్మా, గుట్ట నీది” అన్నాడు. ఆ పేరు బయటివారిలో మొదట పలికినవాడు ఆయనే అని ఆయన వంశంవారు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

మూడు పిలుపులు అయినా సుంకులవ్వ దిగలేదు. కస్తూరి పైకి వచ్చి ఎదురుగా నిలబడినా ఆమె పిలుస్తూనే ఉన్నది. కస్తూరీ, నీళ్లు తాగు. కస్తూరీ, ఎండలో నిలబడద్దు. కస్తూరీ, ఊరికే పిల్సినా లే. పంతొమ్మిదేళ్ల బాకీ ఒక పూటలో తీర్చుకోవాలని పట్టుబట్టినట్టు పిలిచి పిలిచి, మధ్యాహ్నానికి గొంతు పూర్తిగా పోగొట్టుకున్నది. కస్తూరి శొంఠి దంచి, బెల్లంలో కలిపి అవ్వ నోట్లో పెట్టి, నిలువెత్తు రాయి వైపు తిరిగి దండం పెట్టి, “తల్లీ, నీకు పిలుపులమ్మ అని పెడతాండా. ఏ మేకకూ పెట్టలేదు” అన్నది. అమ్మవారికి ఆ పేరు నచ్చిందనే మా నమ్మకం. ఆ తర్వాత ఆమె ఎవరి కలలోకీ వచ్చి గొణిగినట్టు ఆధారాలు లేవు.

నేటికీ శ్రీ పిలుపులమ్మవారి ప్రసాదం శొంఠిబెల్లమే. అది ముందుగా పిలిచినవారికి ఇచ్చి, తర్వాతే పలికినవారికి ఇస్తారు. పరీక్షల్లో గొంతు పెగలని పిల్లలకూ, పాటకచేరీ ఉన్నవారికీ కూడా ఈ ప్రసాదం మంచిదని ప్రతీతి. అమ్మవారి సన్నిధిలో పేరు పెట్టుకున్నవారికి ఆ పేరుతోనే నూరేళ్లు పిలుపులు అందుతాయని పెద్దలు చెబుతారు.

పిలవడానికి ఇంటి పెద్ద రానివారు, రానని చెప్పించుకున్నవారు, అసలు ఇల్లే లేనివారు దిగులు పడనక్కరలేదు. ప్రతి మంగళవారం చెలమరాళ్లపల్లె అవ్వలు నలుగురైదుగురు పిలుపురాయి దగ్గర కూర్చొని ఉంటారు. వచ్చినవారి పేరు ఒకసారి చెబితే చాలు, సొంత మనవళ్లను, మనవరాళ్లను పిలిచినట్టే పిలుస్తారు. కింది నుంచి బదులు మాత్రం గట్టిగా పలకవలెను. సిగ్గుపడి లోలోపల పలికితే అవ్వలు ఒప్పుకోరు. వినపడేదాకా పిలుస్తూనే ఉంటారు.