కనుమ అవతలి వాన

మఠం పెద్ద శరభయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు "ఇది ఎవరి గురించి?" అని అడిగేవారు. ఎవరి గురించీ కాదు, ఊరికే తెలుసుకుందామని అంటే, "అయితే తొందరేం లేదు" అని తన పనిలో తాను పడిపోయేవారు. అందువల్ల ఆ మఠంలో ఊరికే ప్రశ్నలు వేసేవాళ్లు తక్కువ.

మఠం వ్యవహారాలు చూసే శిష్యుడు కొట్రయ్య ఒక ఉదయం వచ్చి, ఎవరి గురించో కూడా తానే ముందు చెప్పేశాడు. కొత్తగా చేరిన బసవరాజు మఠం విషయాలు బయటివాళ్లకు చేరవేస్తున్నాడని అనుమానం. ఆరా తీస్తే ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. తర్వాత మరో ఇద్దరిని అడిగితే వాళ్లు ఒకే మాట చెప్పారు. ఆ మాట మీద బసవరాజును సాయంత్రంలోగా పంపేయాలని కొట్రయ్య ఉద్దేశం.

"తలా ఒక మాట చెప్పినవాళ్లను వదిలేసి, ఒకే మాట చెప్పినవాళ్లను నమ్మడం న్యాయమే కదా, అయ్యవారూ?"

"విడివిడిగా అడిగినా ఒకే మాటా?"

"అక్షరం తేడా లేదు."

శరభయ్య అతన్ని కూర్చోమన్నారు. తర్వాత ఆయన చెప్పింది ఇది.

కరియప్ప అనంతపురం వైపు గొర్రెల కాపరి. ఎండాకాలం అక్కడ గడ్డిపోచ మిగలదు. అందుకని ఏటా మందను తోలుకుని, నల్లమల కనుమ దాటి, తూర్పున కాలువ కింది పల్లెలకు పోయేవాడు. కోతలైన వరి పొలాల్లో మంద కట్టేవాడు. పొలానికి ఎరువు, గొర్రెకు మేత. తొలకరి కబురు తెలియగానే తిరుగు ప్రయాణం. ఆ ఏడు మాత్రం తూర్పున రోహిణి కార్తెలోనే ముసురు పట్టుకుంది. పొలాలు బురదయ్యాయి. గొర్రెల గిట్టలు నాని పుండ్లు పడ్డాయి. ఈనడానికి సిద్ధంగా ఉన్నవి కుంటడం మొదలుపెట్టాయి. రైతులు నాగళ్లతో వచ్చి, ఇక కదలమన్నారు. ఇంటి దగ్గర వాన పడిందో లేదో తెలియదు. వాన పడకముందే అక్కడికి పోతే మంద మాడి చస్తుంది, ఇక్కడే ఉంటే నాని చస్తుంది. దారిలో కనుమ మీద మేత ఉంటుంది గాని, అక్కడ చిరుతల భయం. కాపలా పెట్టుకుని సగం మందను అక్కడ నిలపవచ్చు, మొత్తాన్ని నిలపలేరు.

మంద కదిలే ముందు ఒక మనిషి ఊరికి పోయి చూసి రావడం ఆ కాపరుల పద్ధతి. వాన పడి ఉంటే పిడికెడు పచ్చిక వేళ్లతో సహా పెరికి, గొంగడి చెంగున కట్టుకొచ్చి చూపాలి. పడకపోతే మట్టి తేవాలి. కరియప్ప ఒక మనిషిని పంపి ఊరుకునే రకం కాదు. బావమరిది లింగన్నను పంపాడు. లింగన్నకు తెలియకుండా, మరో దారిన, తన తమ్ముడు మాదన్నను పంపాడు.

ముందు లింగన్న వచ్చాడు. "వాన పడిండాది బావా. వాగు గట్టున వేలెడు పచ్చిక లేసిండాది" అని చెంగు విప్పాడు.

మర్నాడు మాదన్న వచ్చాడు. "యాడిదన్నా వాన? పడమటి చేలల్లో దుమ్ము లేస్తాండాది. మబ్బు పట్టేది, గాలికి పొయ్యేది, ఇదే ఆట" అన్నాడు. అతను తెచ్చిన మట్టి కరియప్ప వేళ్ల మధ్య పొడి పొడి అయిపోయింది.

కరియప్ప పచ్చికనూ మట్టినీ పక్కన పెట్టి, ఇద్దరి ముఖాలూ చూశాడు. లింగన్న భార్యకు ఇంటి దగ్గర నెలలు నిండాయి. వాడికి ఇంటికి పోవాలని ఉంది. మాదన్న కాలువ గట్టు మీది కల్లు దుకాణం మరిగాడు. వాడికి కదలాలని లేదు. వెతికితే ఇద్దరికీ కారణం దొరికింది. కారణం దొరికాక ఇద్దరూ అబద్ధాలకోరులుగానే కనిపించారు.

అతని భార్య ఈరమ్మ ఊరుకోలేదు. "నా తమ్ముడూ దొంగే, నీ తమ్ముడూ దొంగే. ఇంగ మిగిలింది నువ్వొక్కడివే గదా! నువ్వే పోయి చూసుకోని రాపో."

"నేను పోతే మందను ఎవురు చూస్తారే? ఈ దొంగలా?"

ఈసారి జీతగాళ్లు గోవిందును, సుంకన్నను పంపాడు. ఒకరికి తెలియకుండా ఒకరిని, వేరు వేరు దారుల్లో. అయితే దారులు వేరైనా కనుమ ఒకటే. కనుమ కింద సంతలో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"నిన్ను నా మీద పంపినాడా, నన్ను నీ మీద పంపినాడా?" అన్నాడు గోవిందు.

"ఎవుర్ని ఎవురి మీద పంపితే ఏముందిలే. మన మాటలు తేడా పడినాయంటే ఇద్దరం దొంగలమే. లింగన్న గతి చూసినావు గదా?"

"అయితే తేడా పడకుండా చూసుకుందాం."

వాళ్లు కనుమ దాటలేదు. సంత ఊళ్లో సుంకన్న చుట్టాల ఇంట్లో తిని, పడుకుని, ఏం చెప్పాలో చక్కగా ఒప్పందం చేసుకున్నారు. కొండ వాలున ఇంటి దగ్గరి మట్టిలాంటి ఎర్రమట్టి ఉంది. అక్కడే, ఒకే చోట, చెరో పిడికెడు పచ్చిక పెరుక్కున్నారు. ఒకరోజు తేడాతో చెరో దారిన మందకు చేరారు.

ఊరంతా పచ్చగా ఉందని గోవిందు చెప్పాడు. చెరువులో తూము దాకా నీళ్లున్నాయన్నాడు. మర్నాడు సుంకన్న కూడా తూము దాకా అనే అన్నాడు. కరియప్ప రెండు పిడికెళ్ల పచ్చికనూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకే పొడవు. ముసురు పట్టిన తర్వాత ఆ రోజే అతను కడుపునిండా తిన్నాడని ఈరమ్మ తర్వాత చెప్పుకునేది.

మంద మొత్తం కదిలింది. కనుమ మీదికి చేరాక లింగన్న దగ్గరికొచ్చాడు.

"బావా, నేను చూసింది వాగు గట్టు మటుకే. సగం మందను ఈడ్నే నిలుపుదాం. ఈనేటివి మాత్రం తోలుకపోదాం."

కరియప్ప నవ్వాడు. "మొన్న పోదామంటివి, నేడు నిలుపుదామంటివి. నీ మాట యాడ నిలబడతాదిరా?"

కనుమ దిగి ఊరి పొలిమేర చేరారు. వాగు వెంట పచ్చిక ఉంది, ఆరేసిన పంచె లాగా సన్నగా, పొడవుగా. దానికి రెండు వైపులా ఎర్రటి దుమ్ము. తూర్పున ముసురు పడితే ఊరూ చేనూ అని చూడదు, అన్నిటినీ ఒకేలా నానబెడుతుంది. ఈ సీమలో వాన అలా కాదు. ఒక చేను తడిపి గట్టు అవతలి చేను ఎండగట్టి పోతుంది. లింగన్న వాగు దారిన వచ్చాడు, మాదన్న పడమటి చేల దారిన వచ్చాడు. ఇద్దరూ చూసిందే చెప్పారు. ఆ వాగు గట్టు ఈనే గొర్రెలకు సరిపోయేది. మంద అంతా దాని మీద పడితే నాలుగు పూటలకు నేల తేలింది. ఆ తర్వాత తల్లుల పొదుగులు ఎండాయి. ఆ ఏడు పుట్టిన పిల్లల్లో బతికినవి చాలా తక్కువ. పెద్ద గొర్రెలు కూడా కొన్ని పడిపోయాయి.

కరియప్ప జీతగాళ్లను విడివిడిగా పిలిచి నిలదీశాడు.

"మేం చూసినప్పుడు పచ్చిక ఉండె. పడమటి గాలికి మాడిపాయె" అన్నాడు గోవిందు. సుంకన్న కూడా పడమటి గాలే అన్నాడు. వాన మీద చెప్పిన మాటను తర్వాత తవ్వి చూడడానికి ఏముంటుంది? కరియప్ప తల ఊపాడు.

శరభయ్య అక్కడ ఆగారు.

"ఆ ఇద్దరినీ పనిలోంచి తీసేయలేదా?" అన్నాడు కొట్రయ్య.

"లేదు. లింగన్ననే మందలోంచి వేరు పెట్టాడు. అసలు వాన పడిందని మొదట అన్నది వాడేనట."

కొట్రయ్య కొంచెం కోపంగానే అన్నాడు: "లింగన్ననూ మాదన్ననూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎవరు ఏ దారిన పోయి ఏం చూశారని ఒక్క మాట అడిగి ఉంటే, వాన సంగతి తేలిపోయేది కదా?"

"తేలేది," అన్నారు శరభయ్య. "కరియప్ప తేల్చుకోవాలనుకున్నది వాన సంగతి కాదు."