తొట్టె అడుగు రాళ్లు

అప్పలకొండమ్మ గారిది ఒక అలవాటు. అడిగినవాళ్లకి వెంటనే జవాబు చెప్పరు, చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. అనకాపల్లిలో ఆమె దగ్గరికి వెళ్లే శిష్యులందరికీ ఇది తెలుసు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే సన్యాసిరావుకీ తెలుసు. తెలిసీ ఆ ఆదివారం ఉండబట్టలేక అడిగేశాడు.

"అమ్మా, నలభై రోజులైంది. కోపం రాలేదు, చెయ్యెత్తలేదు. ఇక పైడమ్మను తెచ్చుకోవచ్చా?"

పైడమ్మ అతని భార్య. తలుపు తీయడం ఆలస్యమైందని ఆమె చెయ్యి విరిచాడు. ఇప్పుడు వడ్డాదిలో పుట్టింట్లో ఉంది. గురువమ్మ సరేనంటేనే పిల్లను పంపుతామని ఆమె అన్నలు తెగేసి చెప్పారు.

గురువమ్మ అతని చేతులకేసి ఒకసారి చూశారు. "తునిలో మా చెల్లెలికి ఒంట్లో బాగోలేదు. వెళ్లి రావడానికి మూడు వారాలు పడుతుంది. వచ్చేదాకా ఈ చేపల్ని చూస్తూండు నాయినా" అన్నారు.

ఆమె ముందుగదిలో అద్దాల తొట్టె ఉంది. తొమ్మిది చేపలు. అందులో నల్లదొకటి పైడమ్మకు మాలిమి. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆమె అద్దానికి వేలు ఆనిస్తే చాలు, తోకాడిస్తూ వచ్చేసేది.

గురువమ్మ మెప్పు కోసం సన్యాసిరావు ఆ రోజే ఇంకో చేపను కొన్నాడు. "మూడు వారాలు వేరే గిన్నెలో ఉంచన్నా" అన్నాడు చేపల దుకాణం ఈశ్వర్రావు. "దీనికేటి రోగం? బంగారంలా ఉంటేనూ!" అని సన్యాసిరావు దాన్ని కవరులో నీళ్లతో సహా తొట్టెలో గుమ్మరించేశాడు.

ఐదోరోజున నల్లచేప రాళ్లకేసి ఒళ్లు రాసుకోవడం మొదలుపెట్టింది. మర్నాటికి అన్నిటి మీదా బొంబాయిరవ్వ చల్లినట్టు తెల్లమచ్చలు. పరుగున దుకాణానికి పోయాడు.

"కొత్తల్లుణ్ణి దింపినట్టు తిన్నగా ఇంట్లో దింపేశావన్నమాట!" అన్నాడు ఈశ్వర్రావు. "పురుగు పట్టింది. నీళ్లు కాస్త వెచ్చగా ఉంచు. రోజూ మూడోవంతు మార్చు, అడుగు మురికి గొట్టంతో లాగు, ఈ మందు వెయ్యి. పధ్నాలుగు రోజులు. మచ్చలు పోయినా ఆపకు."

నాలుగు రోజులు తెల్లారకుండా వచ్చి నీళ్లు మోశాడు. నాలుగోనాటికి ఒక్క మచ్చ లేదు. చేపలు మెరుస్తున్నాయి. తన ఒళ్లే కడిగినంత హాయి అనిపించింది సన్యాసిరావుకి. రోగం లేనిదానికి మందెందుకని సీసా గూట్లో పెట్టేశాడు. ఆ ఊపులోనే బావమరిదికి ఫోన్ చేసి, అమ్మ తుని నుంచి రాగానే వచ్చేస్తున్నాను, పైడమ్మను సిద్ధంగా ఉండమనమని చెప్పాడు.

వారం తిరక్కుండా చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరిచాయి. మళ్లీ తెల్లమచ్చలు కమ్మి నల్లది నల్లగా లేదు. మందు రెండింతలు పోశాడు, మూడింతలు పోశాడు. ఒక్కొక్కటే వెల్లకిలా తేలాయి. టీ వడపోతతో తీసి, పెరట్లో పాతాడు. చివరికి నల్లదీ, తాను తెచ్చినదీ మిగిలాయి. అద్దానికి వేలు ఆనించాడు. నల్లది బెదిరి వెనక్కి జరిగి మూలకు నక్కింది.

అలా బెదిరి వెనక్కి జరగడం అతను ఎరగనిది కాదు. తన చెయ్యి కదిలితే చాలు, పైడమ్మ అలాగే గోడకు జరిగేది. సాయంత్రానికి నల్లచేపా పోయింది.

దుకాణానికి వెళ్లి అరిచాడు. ఈశ్వర్రావు గొంతు పెంచలేదు. "మచ్చ చేపను వదిలింది గానీ తొట్టెను వదల్లేదన్నా. కడుపు నిండాక పురుగు కిందికి రాలి, రాళ్లలో పెంకు కట్టుకు కూర్చుంటుంది. అక్కడ ఒకటి వందలవుతుంది. పెంకులో ఉన్నంతసేపు మందు అంటదు. పిల్లలు బయటికొచ్చి చేపను వెతుక్కుంటాయి చూడు, అప్పుడు మందుంటేనే చస్తాయి. ఆపొద్దని చెప్పానా లేదా?"

గురువమ్మ వచ్చేసరికి తొట్టెలో ఒక్కటే చేప తిరుగుతోంది, అతను తెచ్చిన బంగారు చేప. ఒంటి మీద మచ్చన్నది లేదు. సన్యాసిరావు జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆమె నల్లచేప ఒక్కదాన్నే అడిగారు. ఎక్కడ పాతాడో చూపించాడు.

"అమ్మా, రేపు ఆదివారం. వాళ్లకి మాటిచ్చాను..." అని ఆగిపోయాడు.

గురువమ్మ గోడవారన ఉన్న బకెట్ తెచ్చి అతని ముందు పెట్టారు.

"వడ్డాదికి బస్సు రోజూ ఉంటుంది నాయినా. రాళ్లు తియ్యి."