గట్టు నడిచొచ్చే విద్య

శార్వరి నామ సంవత్సరం శ్రావణంలో పడవ నడిపే నూకాలుకి అన్యాయం జరిగింది. చేసినవాడు ఏటి అవతల విద్యాపీఠంలో చలనశాస్త్రం చెప్పే భైరవావధాని. నెల్లాళ్లు కూలి లేకుండా తనని ఏరు దాటిస్తే, లెక్కలతో పనిలేని తొలి తరగతిలో ఆమెకి చోటిస్తానన్నాడు. నెల నిండాక ఆమె ఆ చోటడిగితే శిష్యుల ముందు నవ్వాడు.

"నువ్వు దాటించావా? నేను కూర్చున్నచోటే కూర్చున్నాను. గట్టే నా దగ్గరికొచ్చింది. పడవలో ఉన్నవాడికి అదే నిజమని శాస్త్రం. పోయి ఆ గట్టునే అడుక్కో."

శాస్త్రం నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని ఆడదాని కష్టం మింగిన నోరే తప్పుడుది.

మర్నాడు విద్యాపీఠానికి రాజుగారొచ్చారు. అవధాని శిష్యుల పట్టీ చంకన పెట్టుకుని పరుగున వచ్చి పడవెక్కాడు. ఆ రేవులో ఉన్నది ఆ ఒక్క పడవే. నూకాలు తాడు విప్పకుండా, తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అవతల బాకాలు మోగాయి.

"కదలవేమే?"

"మీరూ కదలకండి బాబూ. నిన్న వచ్చిన గట్టు ఇవాళ రాకపోద్దా?"

అవధాని పళ్లు నూరాడు. "ఎవరో ఒకరు తెడ్డేస్తేనే కదా వచ్చేది."

"ఆ ఎవరో ఒకరి పేరు ముందు మీ పట్టీలో రాయండి."

రాశాడు. ఇప్పటికీ ఉంది: పడవ నూకాలు, చలనశాస్త్రం తొలి తరగతి, శార్వరి శ్రావణ బహుళ విదియ.