గంజి పెట్టిన చీరల కంచె

అనగనగా, నల్లమల అడవిని ఆనుకుని ఒక ఊరు. ఆ ఊళ్ళో గురవమ్మ అని ఒక ముసలమ్మ. ఆవిడ శుభ్రం ఇంతా అంతా కాదు. కోడిపెట్ట కూడా కాళ్ళు కడుక్కున్నాకే ఆ వాకిట్లోకి రావాలి. ఆవిడ ఉతికిన చీర ఆరేస్తే, ఆ మెరుపుకి సూర్యుడే కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

గురవమ్మ కూతురు అంకాలు పురిటికొచ్చి, బంగారుబొమ్మలాంటి ఆడపిల్లని కంది. పదకొండో రోజున బాలింతకి పథ్యం పెట్టాలి. దానికి లేత బీరకాయ కావాలి. మన పెరట్లో కాసిందే వండి పెడతానని గురవమ్మ కూతురికి మాటిచ్చింది.

పెరట్లో చిక్కుడు, బెండ, బీర ఉన్నాయి. ఒకరోజు తెల్లారేసరికి చిక్కుడు లేదు. ఉత్త మోళ్ళు. అడవిలోంచి జింక వచ్చి మేసిపోయింది. ఎంత జింకనుకున్నావు? దాని కాళ్ళే కొబ్బరిచెట్లంత.

అప్పుడు గురవమ్మ పెరటి చుట్టూ ముళ్ళకంప వేసింది. జింక ఒక్క ఎగురు ఎగిరి, మబ్బుల్ని రాసుకుంటూ పోయి బెండ మొక్కల్లో దిగింది. బెండ కూడా అయిపోయింది.

ఇక మిగిలింది బీరపాదు ఒక్కటే. దానికి మూడే పిందెలు. పథ్యానికి నాలుగే రోజులు.

ఆ తర్వాత మేకలు కాసే ఓబులేసు ఒక ఉపాయం చెప్పాడు. పెరటి చుట్టూ పాత చీరలు కట్టమన్నాడు. అక్కడి చేలన్నిటికీ అదే కంచె. గురవమ్మ పెట్టె తెరిచి తొంభైతొమ్మిది చీరలు తీసింది. పెట్టె వాసన కొట్టే చీరలు కడితే నలుగురూ ఏమనుకుంటారని, అన్నిటినీ కుంకుడు రసంతో ఉతికింది. గంజి పెట్టి ఆరేసి, అప్పుడు కట్టింది.

తెల్లారి చూస్తే ఏముంది, జింక తీరిగ్గా చీరలు నాకుతోంది. అన్నం వార్చిన గంజి కదా, కమ్మగా ఉంది. ఒక చెంగు నమిలేసి, ఆ కంతలోంచి తల దూర్చి ఒక పిందె కూడా తినేసింది.

ఓబులేసు నవ్వి నవ్వి మేకల మీద పడ్డాడు. "అక్కా, జింక భయపడేది చీరకి కాదు, మనిషి వాసనకి. నువ్వు ఆ వాసనంతా ఉతికి పారేసి, పైగా దానికి ఫలహారం పెట్టావు," అన్నాడు.

గురవమ్మకి ఏడుపొచ్చింది. ఇంట్లో ఉతకని చీర ఒక్కటే, ఒంటి మీద ఉన్నది. పొయ్యి పొగ, పసిదానికి రాసిన ఆముదం, చెమట అన్నీ పట్టిన చీర. అప్పుడు సిగ్గు దిగమింగుకుని వేరే చీర కట్టుకుని, దాన్ని పేలికలుగా చింపి పెరటి చుట్టూ కట్టింది.

మర్నాడు పొద్దున్నే జింక వచ్చింది. వాసన చూసి గడగడా వణికి ఆగిపోయింది. దాని కాళ్ళ సందున చిన్న పిల్ల. పాల కోసం తల్లి పొదుగుని పొడుస్తోంది, తల్లి డొక్కలేమో వీపుకంటుకుపోయి ఉన్నాయి.

"ఓసి పిచ్చితల్లీ, నువ్వూ బాలింతవేనా," అంది గురవమ్మ.

ఆ రోజు నుంచి పెరటికి దూరంగా, అడవి మొదట్లో బానెడు గంజి పెట్టేది. పథ్యం రోజున ముప్పై మూరల బీరకాయలు రెండు కోసి వండింది. ఇవతల అంకాలు అన్నం తింది, అవతల జింక గంజి తాగింది. పిల్లలిద్దరూ కడుపునిండా పాలు తాగి నిద్రపోయారు.

ఆ పేలికల్ని మాత్రం గురవమ్మ ఇప్పటికీ ఉతకలేదు. చేతులు దురద పెడుతుంటే వెనక్కి కట్టుకుని కూర్చుంటుంది.

బీర పథ్యానికి, గంజి జింకకి,
కథ నడిచిపోయె కంచికి,
కునుకు రావాలి నీ కంటికి,
జరుగు, జరుగు నా పక్కకి.